తుంటి కథ: గాడ్‌ఫ్రీ నుంచి మా అమ్మ దాకా

(కమ్యూనిటీ రేడియో వారాంతపు తెలుగు కార్యక్రమంలో చేసిన ప్రసంగానికి లిఖిత రూపం)



మనం ఉండే ఈ షాంటిలీ నుంచి రూట్ 28 ఎక్కి ఉత్తరంగా వెళ్ళి, రూట్ 7 మీద పడమటికి తిరిగితే పాతిక మైళ్ళ లోపే లీస్‌బర్గ్ వస్తుంది. మనవాళ్ళు ఆ ఊరు వెళ్ళేది ఎక్కువగా అవుట్‌లెట్ మాల్ కోసం. అక్కడ ఒక చిన్న విమానాశ్రయం కూడా ఉంది. దానికి గాడ్‌ఫ్రీ ఫీల్డ్ అని ఇంకో పేరు. ఎవరీ గాడ్‌ఫ్రీ అంటే, ఒకప్పుడు అమెరికా అంతా చెవులు రిక్కించి విన్న రేడియో మనిషి, ఆర్థర్ గాడ్‌ఫ్రీ. 1945లో రూజ్‌వెల్ట్ అంతిమయాత్ర గురించి రేడియోలో చెబుతూ గొంతు పూడుకుపోయి ఏడ్చేసింది ఆయనే. ఉకులేలే వాయించేవాడు, సొంత విమానం తనే నడిపేవాడు. లీస్‌బర్గ్ దగ్గర బీకన్ హిల్ అనే పెద్ద కమతం కొనుక్కుని, వారం వారం న్యూయార్కుకీ ఇక్కడికీ విమానంలో తిరిగేవాడు.

ఆయన కథ నాకెందుకు పట్టిందంటే, ఆయనది తుంటి కథ. 1931లో జరిగిన కారు ప్రమాదంలో ఆయన తుంటి దెబ్బతింది. అప్పట్నుంచి ఇరవై ఏళ్ళకు పైగా నొప్పి భరిస్తూనే ప్రోగ్రాములు చేశాడు. చివరికి 1953లో బోస్టన్ వెళ్ళి, అప్పటికి చాలా కొత్తదైన కృత్రిమ తుంటి ఆపరేషన్ చేయించుకున్నాడు. కోలుకోవడానికి నెలలు పడుతుంది. అన్నాళ్ళు ఆయన కనబడకపోతే ప్రేక్షకులు జారిపోతారని సీబీఎస్ వాళ్ళకి బెంగ. అందుకని మైక్రోవేవ్ టవర్లు కట్టించి, ఆయన కమతం నుంచే ప్రత్యక్ష ప్రసారం చేయించారు. అంటే వర్క్ ఫ్రమ్ హోమ్ అన్నది మన ఐటీ వాళ్ళు కనిపెట్టింది కాదన్నమాట! ఈ ఉత్తర వర్జీనియాలోనే, తుంటి ఆపరేషన్ అయిన ఒకాయన 1953లోనే చేసి చూపించాడు.

రేడియోలో మాట్లాడేవాడు కుంటుతున్నాడో లేదో వినేవాళ్ళకి తెలియదు. టీవీలో కూడా బల్ల వెనక కూర్చుంటే నడుం కింద ఏముందో ఎవరికీ కనబడదు. ఆయనకి ఆ వెసులుబాటు ఉంది. మామూలు మనిషికి అది లేదు. మెట్లు దిగాలి, స్నానాల గదిలోకి వెళ్ళాలి, తలుపు కొడితే లేచి తియ్యాలి. ఈ రోజు నేను చెప్పదల్చుకున్నది రెండు చరిత్రలు. ఒకటి తుంటి ఎలా మారిందన్నది. రెండోది, తుంటి మారిన మనిషికి ధైర్యం తిరిగి ఎలా వస్తుందన్నది. మొదటిదాని మీద పుస్తకాలు చాలానే ఉన్నాయి. రెండోదాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకున్నట్టు లేదు.

ముందు మన ఊరి సంగతి కొంచెం. ఫేర్ ఓక్స్ మాల్‌కి దగ్గర్లో ఆక్స్ హిల్ యుద్ధభూమి పార్కు ఉంది. చాలామంది దాని పక్కనుంచే రోజూ ఆఫీసుకి పోతుంటారు. 1862 సెప్టెంబరు 1న, ఉరుములూ మెరుపులూ కుండపోత వానా నడుమ, అంతర్యుద్ధంలో భాగంగా అక్కడ పోరాటం జరిగింది. దానికే షాంటిలీ యుద్ధమని పేరు. అందులో చనిపోయిన ఉత్తరాది జనరల్ ఫిలిప్ కియర్నీకి అప్పటికే ఎడమ చెయ్యి లేదు, మెక్సికో యుద్ధంలో పోయింది. ఒంటి చేత్తోనే గుర్రమెక్కి యుద్ధాలు నడిపాడు. అంతకు నాలుగు రోజుల ముందు మనాసస్ దగ్గర దక్షిణాది జనరల్ రిచర్డ్ యూయెల్ కాలు పోగొట్టుకున్నాడు. మరుసటి ఏడాది కొయ్యకాలు పెట్టుకుని మళ్ళీ సైన్యాన్ని నడిపించాడు. చెయ్యి పోతే ఒంటిచేత్తో బతకొచ్చు, కాలు పోతే కొయ్యకాలు తగిలించుకోవచ్చు. తుంటిలో గుండు దిగితే మాత్రం అప్పట్లో చేసేదేమీ లేదు. అది మరీ లోపల ఉన్న కీలు. కోసినా చావే, కొయ్యకపోయినా చావే అన్నట్టుండేది. ఆ రోజుల్లో ఫేర్‌ఫాక్స్ స్టేషన్ దగ్గర గాయపడినవాళ్ళని గడ్డి పరిచిన నేల మీద పడుకోబెట్టి క్లారా బార్టన్ సేవ చేసింది. తర్వాత అమెరికన్ రెడ్‌క్రాస్ స్థాపించిన ఆవిడే.

అసలు బిగుసుకుపోయిన తుంటిని కదిలించాలన్న ప్రయత్నం అంతకు ముందే జరిగింది. 1826లో ఫిలడెల్ఫియాలో జాన్ రే బార్టన్ అనే డాక్టరు ఒక నావికుడి తొడ ఎముకని తుంటి దగ్గర రంపంతో కోసి, అది అతుక్కోకుండా రోజూ కదిలిస్తూ, అక్కడో దొంగ కీలు తయారుచేశాడు. ఏడు నిమిషాల్లో అయిపోయిందంటారు. త్వరగా చెయ్యక తప్పదు. మత్తుమందు వాడకం రావడానికి ఇంకా ఇరవై ఏళ్ళుంది మరి! కొన్నేళ్ళు ఆ నావికుడు నడిచాడు, తర్వాత అది మళ్ళీ బిగుసుకుపోయింది.

ఆ తర్వాత వందేళ్ళ పాటు డాక్టర్లు రెండు ఎముకల మధ్యన ఏదో ఒకటి దూర్చి చూశారు. కండ, కొవ్వు, చర్మం, చివరికి బాల్టిమోర్‌లో విలియం బేర్ పంది మూత్రాశయపు పొర కూడా పెట్టాడు. 1891లో బెర్లిన్‌లో థెమిస్టోక్లిస్ గ్లూక్ ఏనుగు దంతంతో గుండూ గిన్నే చెక్కి తుంటిలో బిగించాడు. ఆలోచన బ్రహ్మాండమైనదే, కానీ ఆయన ఎంచుకున్నవి క్షయ పట్టిన కీళ్ళు, చీము పట్టి అన్నీ పాడైపోయాయి. 1923లో బోస్టన్‌లో స్మిత్ పీటర్సన్ గాజుతో ఒక టోపీ చేసి తొడ ఎముక తలకి తొడిగాడు. గాజు మరి, పగిలిపోయేది. 1938 నాటికి వైటాలియం అనే మిశ్రమ లోహంతో చేస్తే నిలిచింది. 1940లో సౌత్ కరోలినా డాక్టరు ఆస్టిన్ మూర్, బాల్టిమోర్ డాక్టరు హెరాల్డ్ బోల్మన్ కలిసి తొడ ఎముక పై భాగాన్నే తీసేసి లోహంతో చేసింది పెట్టారు. ఆ మూర్ పేరు మనకి కొత్త కాదు. తుంటి విరిగిన ముసలివాళ్ళకి మన పెద్దాస్పత్రుల్లో దశాబ్దాల తరబడి వేసింది ఆస్టిన్ మూర్ తుంటే.

ఇక్కడ ఆగి చెప్పుకోవాల్సిన మనిషి ఇంగ్లండులో ఉన్నాడు. జాన్ చార్న్లీ, 1911లో పుట్టాడు. మాంచెస్టర్ పక్కన పనిచేసేవాడు. ఆయన దగ్గరకి ఒక రోగి వచ్చాడు. ఫ్రాన్సులో జుడే సోదరులు కనిపెట్టిన ప్లాస్టిక్ తుంటి గుండు వేయించుకున్నవాడు. అతనికొచ్చిన కష్టం నొప్పి కాదు. భోజనాల బల్ల దగ్గర ముందుకి వంగినప్పుడల్లా తుంటి కిర్రుమని చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడు భరించలేక భార్య గదిలోంచి లేచి వెళ్ళిపోయేదట! నవ్వుకుని వదిలెయ్యకుండా చార్న్లీ ఆ కిర్రుమనడం ఎందుకని ఆలోచించాడు. రాపిడి ఎక్కువుంటేనే కదా చప్పుడు. దేవుడిచ్చిన కీలులో రాపిడి మంచు మీద మంచు జారినంత తక్కువ. కాబట్టి జారే పదార్థం కావాలి.

జారే పదార్థం అనగానే మీకేం గుర్తొస్తుంది? దోసెల పెనం. అవును, టెఫ్లానే! 1950లు చివరికొచ్చే సరికి చార్న్లీ టెఫ్లాన్ గిన్నెలో ఉక్కు గుండు పెట్టి, రెంటినీ ఎముకకి అతికించడం మొదలుపెట్టాడు. అతికించడానికి వాడింది పళ్ళ డాక్టర్లు కట్టుడుపళ్ళకి వాడే అక్రిలిక్ సిమెంటు. తుంటి మీద కొడితే మూతిపళ్ళు రాలాయని మన సామెత. ఇక్కడ సామెత తిరగబడింది. మూతిపళ్ళ సిమెంటు వచ్చి తుంటిని నిలబెట్టింది.

రోగులు వారాల్లో లేచి నడిచారు. నొప్పి మాయం. సుమారు మూడు వందల మందికి చేశాడు. రెండు మూడేళ్ళు తిరక్కుండానే టెఫ్లాన్ అరగడం మొదలైంది. అరిగిన పొడి చుట్టూ కండకి పట్టి, గడ్డలు కట్టి, ఎముకని తినేసింది. అది నిజంగా టెఫ్లాన్ వల్లేనా అని తేల్చుకోవడానికి చార్న్లీ ఆ పొడిని తన తొడలోకే ఎక్కించుకున్నాడు. అక్కడ గడ్డ కట్టింది. అప్పుడు నమ్మాడు. ఆ రోగులందరినీ ఒక్కొక్కరినే పిలిచి, తను పెట్టిన తుంటిని తనే తీశాడు. ఇంకొకరి మీదకి తొయ్యలేదు.

అంతా అయిపోయిందనుకున్న సమయంలో, 1962లో, ఒక సేల్స్‌మన్ వచ్చాడు. లాంకషైర్ మగ్గాల్లో పళ్ళచక్రాలకి పనికొస్తుందని ఒక గట్టి పాలిథిన్ ముక్క అమ్ముతున్నాడు. (మన నేతగాళ్ళ నోటి దగ్గర కూడు తీసిన లాంకషైర్ మగ్గాల మూలాన లోకానికి ఒక మేలు జరిగిందంటే అది ఇదే కావచ్చు.) చార్న్లీ ల్యాబులో హారీ క్రేవెన్ అనే మెకానిక్ ఉన్నాడు. ఆ ముక్కని చార్న్లీకి చూపిస్తే, ఆయన గోటితో ఒకసారి గీరి, పెదవి విరిచి వెళ్ళిపోయాడు. క్రేవెన్ ఊరుకోలేదు. బాసు పరదేశం వెళ్ళిన సమయంలో ఆ ముక్కని అరుగుదల యంత్రానికి బిగించి తిప్పుతూనే ఉన్నాడు. మూడు వారాలు రాత్రింబవళ్ళు తిప్పినా, టెఫ్లాన్ ఒక్క రోజులో అరిగినంత కూడా అరగలేదు. మా వృత్తిలో ఇలాంటి మనిషిని టెస్టర్ అంటాం. కోడు రాసినవాడి పేరు అందరికీ తెలుస్తుంది, టెస్టర్ పేరు ఎవరికీ తెలియదు. అందుకే క్రేవెన్ పేరు రెండుసార్లు చెప్పాను.

1962 నవంబరులో, ఒకప్పుడు క్షయ శానిటోరియంగా ఉన్న రైటింగ్టన్ ఆస్పత్రిలో, ఆ కొత్త పాలిథిన్ గిన్నెతో మొదటి ఆపరేషన్ చేశాడు చార్న్లీ. ఈసారి జాగ్రత్తపడ్డాడు. కొన్నాళ్ళు తను గమనించి చూసేదాకా వేరే డాక్టర్లకి ఆ సామాను అమ్మనివ్వలేదు. చీము పట్టకుండా గాలిని వడకట్టే గదిలాంటిది కట్టించి అందులో ఆపరేషన్లు చేశాడు. ఇంకో చిత్రం చేశాడు. మీరు పోయిన తర్వాత ఈ తుంటిని నాకు తిరిగి ఇస్తారా, ఎంత అరిగిందో చూసుకోవాలి అని రోగుల్ని అడిగాడు. చాలామంది ఒప్పుకున్నారు. అంత నమ్మకం సంపాదించిన డాక్టరు చరిత్రలో ఎంతమంది ఉంటారు చెప్పండి! 1969లో మిన్నెసోటాలోని మేయో క్లినిక్‌లో మార్క్ కావెంట్రీ ఈ పద్ధతిని అమెరికాకి తెచ్చాడు.

ఈ కథ అంతా సాఫీగా సాగిందని అనుకోకండి. 2000ల్లో లోహం మీద లోహం రాసుకునే తుంటులు మళ్ళీ మోజుగా వచ్చాయి. 2010 ఆగస్టులో డెప్యూ కంపెనీ తన ఏఎస్ఆర్ తుంటుల్ని ప్రపంచమంతటా వెనక్కి పిలిచింది. అప్పటికి తొంభై వేల మందికి పైగా ఒంట్లో అవి ఉన్నాయి, మన దేశంలో కూడా వేల మందికి. సాఫ్ట్‌వేర్ అయితే ప్యాచ్ పంపొచ్చు. తొడ లోపల ఉన్నదానికి ప్యాచ్ ఏమిటి? అరుగుదల యంత్రం మీద మూడు వారాలు తిప్పిన క్రేవెన్ ఓపిక, తన తొడలో పొడి ఎక్కించుకున్న చార్న్లీ మొండితనం, యాభై ఏళ్ళ తర్వాత ఎక్కడికి పోయాయో అనిపిస్తుంది.

ఇప్పుడు మన వైపు వద్దాం. అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండి, 1970లో ప్రకాశం జిల్లాలోకి వచ్చిన పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతం మీలో కొందరికి తెలిసే ఉంటుంది. మా అమ్మ వాళ్ళది పొదిలి దగ్గర. 1937లో హెన్రీ షార్ట్, ఆయన సహచరులు ఆ నెల్లూరు జిల్లా పల్లెల్లో వెన్నూ కీళ్ళూ బిగుసుకుపోయిన మనుషుల్ని పరీక్షించి, బావినీళ్ళలో ఉన్న ఫ్లోరైడే దానికి కారణమని వైద్య పత్రికలో రాశారు. మనిషి ఎముకల మీద ఫ్లోరైడు చేసే పని మన దేశంలో అంత వివరంగా మొదట బయటపడింది మన తెలుగు పల్లెల్లోనే. తర్వాత నల్గొండ పేరు లోకానికంతా తెలిసింది. మా అమ్మమ్మ ఊళ్ళో నలభై ఏళ్ళకే మెడ తిప్పలేనివాళ్ళు, నేల మీద కూర్చుంటే చేయి పట్టుకుని లేపాల్సినవాళ్ళు ఉండేవారట. అది జబ్బని ఎవరూ అనుకోలేదు, వయసు అనుకున్నారు.

ఎముకల వైద్యం తెలుగునాట ఒక స్థాయికి రావడంలో అమెరికా తెలుగువాళ్ళ పాత్ర కూడా ఉంది. హైదరాబాద్ పంజగుట్టలో నిజాం ట్రస్టు డబ్బుతో మొదలైన ఆర్థోపెడిక్ ఆస్పత్రే పెరిగి పెరిగి నిమ్స్ అయింది. దానికి 1985లో డైరెక్టరుగా వెళ్ళిన కాకర్ల సుబ్బారావుగారు న్యూయార్కులో ప్రొఫెసరుగా ఉన్నవారు, ఎముకల రేడియాలజీలో దిట్ట, తానాకి మొదటి అధ్యక్షుడు. ఎన్టీ రామారావుగారు పిలిస్తే అన్నీ వదిలి వెళ్ళిపోయారు. 2021లో తొంభై ఆరేళ్ళ వయసులో పోయారు.

ఇంకొక్క మాట చెప్పి మా అమ్మ దగ్గరికి వస్తాను. ఇంగ్లండులో తయారైన తుంటి కుర్చీలో కూర్చునే మనిషి కోసం తయారైంది. మనం కింద కూర్చునేవాళ్ళం. బాసింపట్టు వేసుకుని భోంచేస్తాం, గొంతుక్కూర్చుని కూర తరుగుతాం, పీట మీద కూర్చుని పూజ చేస్తాం. ఈ ఇబ్బంది మొదట గుర్తించినవాళ్ళలో బర్మా డాక్టరు శాన్ బా ఒకరు. మాండలేలో ఆయన 1960 నుంచి ఏనుగు దంతంతో తుంటి గుండ్లు చెక్కించి, తుంటి విరిగినవాళ్ళకి పెట్టేవాడు. మొదట పెట్టించుకున్నది ఎనభై దాటిన ఒక బౌద్ధ సన్యాసిని. బర్మాలో ఏనుగు దంతం లోహం కంటే చవక! 1969లో లండన్ వెళ్ళి తన ఫలితాలు చెప్పాడు. ఆయన రోగులు గొంతుక్కూర్చోగలిగేవారు, సైకిలు తొక్కేవారు. మనలాగే నేల మీద బతికే జనం మధ్య పనిచేసిన డాక్టరు కాబట్టి, నడిచాడా లేదా అని మాత్రమే కాదు, కూర్చున్నాడా లేదా అని కూడా చూశాడు.

మా అమ్మకి అరవై నాలుగేళ్ళు. పోయిన నవంబరులో ఇక్కడే కుడి తుంటి మార్చారు. మృదులాస్థి అరిగిపోయి ఎముకా ఎముకా రాసుకుంటున్నాయని ఎక్స్‌రేలో నాకే కనబడింది. మధ్యాహ్నం ఆపరేషన్, సాయంత్రానికి వాకర్ పట్టించి నాలుగడుగులు వేయించారు, మర్నాడు ఇంటికి పంపేశారు. మా నాన్నగారు నమ్మలేదు. మంచం మీద నెల రోజులైనా ఉంచొద్దా అన్నారు. చార్న్లీ కాలంలో వారాల తరబడి ఉంచేవారు, నిజమే. ఇప్పుడు పొద్దున ఆపరేషన్, సాయంత్రం ఇల్లు అన్నది కూడా మామూలైపోయింది. ఆస్పత్రిలో రాత్రి ఉండితీరాలన్న నియమాన్ని మెడికేర్ కూడా 2020లో ఎత్తేసింది.

వారానికి రెండుసార్లు ఫిజికల్ థెరపీ అమ్మాయి ఇంటికొచ్చేది. ఈ వృత్తి పుట్టింది కూడా మనకి దగ్గర్లోనే. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడ్డ సైనికుల కోసం 1918లో వాషింగ్టన్ వాల్టర్ రీడ్ ఆస్పత్రిలో మేరీ మెక్‌మిలన్ ఈ పని మొదలుపెట్టింది. 1921లో వీళ్ళ సంఘానికి మొదటి అధ్యక్షురాలు కూడా ఆవిడే. మా టౌన్‌హౌసులో మెట్లు పదమూడు. మంచికాలు స్వర్గానికి, చెడ్డకాలు నరకానికి, ఇదే సూత్రం అని ఆ అమ్మాయి చెప్పింది. అంటే ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ అయిన కాలు ముందు. నేను తెలుగులో చెబితే మా అమ్మ, “ఇంత ఖర్చుపెట్టి చేయించింది చెడ్డకాలెట్లా అవుతుందిరా?” అంది.

ఆరు వారాలకి నొప్పి దాదాపు పోయింది. ఎక్స్‌రే బాగుంది. డాక్టరుగారు సంతోషించారు. కానీ మా అమ్మ ఇల్లు కదలదు. టౌన్‌హౌసుల వరస చివర్లో ఉత్తరాల పెట్టె ఉంది, వంద గజాలు కూడా ఉండదు. అక్కడిదాకా రమ్మంటే రాదు. నేను ఇంట్లో లేనప్పుడు స్నానం చెయ్యదు. తలుపు కొడితే నాన్నగారిని కేకేస్తుంది, తను లేవదు. నొప్పా అంటే కాదు. మరేమిటమ్మా అంటే, “పడితే?” అంటుంది. అంతే, ఒక్క మాట.

ఈ భయానికి కూడా ఒక చరిత్ర ఉందని అప్పుడు తెలిసింది. 1977లో ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వవేత్త, ఒక పని నేను చెయ్యగలను అన్న నమ్మకం ఎక్కడినుంచి వస్తుందో వివరించాడు. ఇంకొకరు ధైర్యం చెబితే కొంత వస్తుంది, మనలాంటివాళ్ళు చేస్తుంటే చూసి కొంత వస్తుంది, కానీ అన్నిటికంటే గట్టిగా వచ్చేది మనం చేసి నెగ్గిన పని వల్ల. దీన్ని ఆధారం చేసుకుని 1990లో యేల్ విశ్వవిద్యాలయంలో మేరీ టినెట్టి, ఆవిడ సహచరులు ఒక చిన్న ప్రశ్నపత్రం తయారుచేశారు. పడిపోకుండా స్నానం చెయ్యగలనని ఎంత నమ్మకముంది? అలమరలోంచి వస్తువు తీసుకోగలనని? ఫోనో తలుపో మోగితే వెళ్ళగలనని? ఇలా పది పనులు, ఒక్కోదానికి ఒకటి నుంచి పది దాకా మార్కులు. అడిగేది కాలి బలం గురించి కాదు, మనసులో ఉన్న లెక్క గురించి. పడతానన్న భయంతో కదలడం మానేస్తే కండ తగ్గుతుంది, కండ తగ్గితే నిజంగానే పడతారు. చిక్కంతా అక్కడుంది.

నేను ఐటీవాణ్ణి కదా, వెంటనే ఎక్సెల్ షీటు చేశాను. కానీ టినెట్టి గారి పనులు కనెటికట్ ముసలివాళ్ళవి. మా అమ్మ పనులు వేరు. చీర కుచ్చిళ్ళు కట్టుకోవడం, దేవుడి ముందు దీపం పెట్టడం, నిలబడి నాలుగు దోసెలు పొయ్యడం, బేస్‌మెంట్‌లో ఉన్న బియ్యం బస్తా దగ్గరికి దిగడం, ఉత్తరాల పెట్టె. అవన్నీ కలిపి అమ్మని అడిగి మార్కులు వేశాను. దోసెలకి ఎనిమిది వేసింది. చీరకి మూడు. వంగితే తుంటి జారుతుందని మూడు నెలలు తొంభై డిగ్రీలకి మించి వంగవద్దన్నారు కదా, అందుకు. ఉత్తరాల పెట్టెకి ఒకటి. జనవరిలో మంచు పడి గడ్డకట్టాక, “సున్నా లేదా నీ లెక్కలో?” అని అడిగింది.

మా ఆవిడ చెప్పిన ఉపాయం ఏమిటంటే, బయట మంచుంటే లోపల నడిపిద్దాం. ఇక్కడ డలెస్ విమానాశ్రయం పక్కనే ఉడ్వర్ హేజీ మ్యూజియం ఉంది, 2003 డిసెంబరులో తెరిచారు. పెద్ద హ్యాంగరు, చదునైన నేల, మధ్య మధ్య బెంచీలు. ప్రవేశం ఉచితం, నాలుగు దాటాక పార్కింగు కూడా ఉచితం. మొదటి రోజు వాకర్‌తో కాంకార్డ్ దాకా వెళ్ళి కూర్చుంది. వారం తర్వాత, 2012 నుంచి అక్కడున్న డిస్కవరీ షటిల్ దాకా. తర్వాత చేతికర్రతో దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది. అక్కడ తనలాగే చేతికర్రలతో నడిచే అమెరికన్ ముసలివాళ్ళు కనబడ్డారు. ఒకాయన తన తుంటి తట్టి చూపించి రెండు వేళ్ళు పైకెత్తాడు, రెండూ మార్చారని. ఇద్దరికీ భాష రాదు, ఇద్దరూ పది నిమిషాలు మాట్లాడుకున్నారు! అలా అందరూ నడవగలిగే చోటు ఉండటం కూడా ఊరికే రాలేదు. 1990 మార్చిలో వాషింగ్టన్ కాపిటల్ మెట్ల ముందు కొందరు వికలాంగులు చక్రాల కుర్చీలు వదిలేసి, మెట్ల మీద పాక్కుంటూ పైకెక్కారు. ఆ ఏడాది జులైలో వికలాంగుల చట్టం మీద సంతకమైంది. ర్యాంపులు, పట్టుకునే కమ్మీలు, వెడల్పాటి తలుపులు ఆ పాకిన వాళ్ళ పుణ్యం.

సంక్రాంతికి ఇంకో సంగతి జరిగింది. నేల మీద పడ్డవి వంగకుండా తీసుకోవడానికి ఒక పొడుగాటి పటకారు ఇస్తారు. మా అమ్మ దాని మొనకి చాక్‌పీసు బిగించి, గుమ్మం ముందు మంచు ఊడ్చిన చోట నిలబడే ముగ్గు వేసింది. చుక్కలు సరిగ్గా కుదర్లేదు, గీతలు వంకర పోయాయి. “రథం ముగ్గు రావలసింది, ఎడ్లబండి అయింది” అంది. ఫోటో తీసి పొదిలి పంపమంది.

ఆ తర్వాత ఎక్సెల్ షీటు నేను అడిగి నింపలేదు, తనే చెప్పేది. ఫిబ్రవరిలో చీర ఆరు. మార్చిలో ఎండ వచ్చాక ఉత్తరాల పెట్టె నాలుగు, తర్వాత ఏడు. మొదటి రోజు పక్కింటి గుమ్మం దాకా, రెండో రోజు ఇంకో ఇల్లు దాటి, అలా. నేను వెనక నడిస్తే కసిరేది. దీపం దగ్గర మేం రాజీపడ్డాం. మందిరాన్ని నేల మీద నుంచి బల్ల మీదకి ఎక్కించాం, కుర్చీలో కూర్చుని పూజ. ఇక్కడి రాజధాని మందిర్‌లో కూడా కుర్చీ వేసుకునే కూర్చుంటుంది. మొదట్లో నామోషీ పడింది. కింద కూర్చోవచ్చా అని డాక్టరుగారిని అడిగితే, కుర్చీయే మంచిది, మరీ కావాలంటే పట్టుకోవడానికి ఏదైనా పెట్టుకుని నేర్చుకుని చెయ్యమన్నారు. ఇది మనిషికీ మనిషికీ, ఆపరేషన్ చేసిన పద్ధతిని బట్టీ మారుతుంది, మీ డాక్టర్లని మీరు అడగండి.

కాస్త హుషారు కోసం అమ్మకి నేను ఇంకో రెండు కథలు చెప్పాను. బో జాక్సన్ అనే బేస్‌బాల్ ఆటగాడు తుంటి మార్పించుకుని, 1993లో తిరిగొచ్చి, తొలి ఆటలో కొట్టిన మొదటి దెబ్బకే హోమ్‌రన్ సాధించాడు. దీన్ని అమ్మ పెద్దగా పట్టించుకోలేదు. ఇంగ్లండు రాణిగారి తల్లికి 1995లో ఒక తుంటి, 1998లో తొంభై ఏడేళ్ళ వయసులో రెండోది మార్చారు, నూటొక్క ఏళ్ళు బతికింది అంటే మాత్రం లేచి కూర్చుంది. “మరి నాది ఎన్నేళ్ళు వస్తుంది?” అంది. 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చిన లెక్క చెప్పాను. వందలో యాభై ఎనిమిది తుంటులు పాతికేళ్ళు నిలుస్తాయి. అరవై నాలుగుకి పాతిక కలిపి, ఎనభై తొమ్మిదా అని, చాల్లే అంది.

వచ్చే నెలలో అమ్మా నాన్నా డలెస్ నుంచి హైదరాబాద్ వెళ్తున్నారు. సెక్యూరిటీ దగ్గర తుంటి కూస్తుందని ముందే చెప్పి ఉంచాను. టిక్కెట్లు చేసేటప్పుడు, ఇప్పుడు చక్కగా నడుస్తున్నావు కదా, వీల్‌చెయిర్ తీసెయ్యమంటావా అని అడిగాను. “వీల్‌చెయిర్ కాలి కోసమని ఎవడు చెప్పాడురా? అది దోహాలో దారి తెలియడం కోసం. ఉంచు” అంది.